మత్తు డాక్టరమ్మకి చెప్పని మాట

ఫిబ్రవరి 3

చెల్లీ,

నిన్న ఫోన్లో నేను చెప్పబోయింది నువ్వు చెప్పనివ్వలేదు, నువ్వు చెప్పింది నేను వినలేదు. చివరికి ఇద్దరం ఒకేసారి అరిచి ఒకేసారి పెట్టేశాం. అందుకని రాస్తున్నాను. మెయిల్‌లో వచ్చినా దీన్ని ఉత్తరమే అనుకో. మధ్యలో అడ్డం పడి "అది కాదక్కా" అనడానికి నీకు వీలుండదు.

ప్రెస్సు మెట్ల మీద నేను కళ్లు తిరిగి పడ్డాను. చేతిలో ఏడో తరగతి భూగోళం ప్రూఫులున్నాయి. పర్వతాలూ నదులూ మెట్లన్నిటి మీదా పరుచుకున్నాయి. మా డీటీపీ ఆయన పరుగెత్తుకొచ్చి ముందు కాగితాలు ఏరుకుని, ఆ తర్వాత నన్ను లేపాడు. మోకాలు చీరుకుపోయింది. అప్పటికి నేను తిన్నది నువ్విచ్చిన చార్టు ప్రకారం ఒక ఉడికించిన గుడ్డు, ఒక కీరకాయ.

ఈ మాట చెబితే నువ్వేమన్నావు? "పట్టుదల ఉన్నవాళ్లు పడరక్కా. ఏడుపు మొహంతో చేస్తే ఇలాగే ఉంటుంది." చెల్లీ, మెట్ల మీద పడడానికి కూడా పట్టుదల లేకపోవడమే కారణమా?

రాత్రంతా ఇదే ఆలోచించాను. నీకు తెలుసుగా, పుస్తకంలో ఒక వాక్యం తప్పనిపిస్తే ముందు నా కళ్లనే అనుమానిస్తాను, ఆ తర్వాతే రాసినవాణ్ణి. ఇక్కడా అంతే. చిన్నప్పుడు మనిద్దర్నీ పెద్దబస్తా, చిన్నబస్తా అనేవారు. ఒకే కడుపున పుట్టాం, ఒకే ఒళ్లు, ఒకే ఆకలి. చిన్నబస్తా ఏడాదిన్నరలో సగమైపోయింది. అపార్ట్‌మెంటు హాల్లో అద్దం ముందు నిలబడి ఊళ్లో ఆడవాళ్లందరి చేత చెమటలు కక్కిస్తోంది. పెద్దబస్తా మాత్రం కీరకాయలు నములుతూ అక్కడే ఉంది. నిన్ను చూసి గర్వపడ్డాను. కొంచెం కుళ్లుకున్నాను కూడా, అబద్ధమెందుకు. లోపం నాలోనే ఉందనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను.

మిగతా సగం కోసం ఒక్కటి అడుగుతున్నాను. నాకిచ్చిన ఈ చార్టు నువ్వు పాటించిందేనా? నిజం చెప్పు. కాదంటే తిట్టను.

ఇంకోటి. ప్రతి శనివారం మీ క్లాసు తూకం వేళకి నన్ను కూడా వీడియోలో మిషను ఎక్కించి, అంకె పైకి చదవమంటావు చూడు, అది ఇక చాలు. వెనకాల నవ్వులు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

నీ పెద్దబస్తా


ఫిబ్రవరి 5

అక్కా,

చదివాను. ప్రూఫు దిద్దినట్టు నన్ను దిద్దావు. ఎర్ర సిరా ఒక్కటే తక్కువ.

పడ్డందుకు నాకూ బాధగానే ఉంది. కానీ నువ్వు పడింది గుడ్డు తిన్నందుకు కాదు, నీళ్లు తాగనందుకు. నీళ్లు తాగమని ఎన్నిసార్లు చెప్పాను? చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. నీకు ప్రూఫుల్లో తల దూర్చితే దాహం కూడా గుర్తుండదు. అది నా తప్పా?

చార్టు నాదే. ఇంకెవరిది అవుతుంది? నిన్ను మోసం చేస్తే నాకేమొస్తుంది చెప్పు.

తూకం గురించి. మా క్లాసులో ఒక మత్తు డాక్టరమ్మ ఉంది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్లకి మత్తిచ్చేది ఆవిడే. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కళ్లతో నేరుగా క్లాసుకొస్తుంది. ఏడాదైంది, ముల్లు కదలదు. శనివారం మిషనెక్కి తల దించుకుని నిలబడుతుంది. "డాక్టర్ గారూ, అందరికీ మత్తిస్తారు గదా, మీ నాలిక్కి కూడా కాస్త ఇచ్చుకోండి" అంటాను. అందరూ నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది. "నిజమే మేడమ్, ఈ వారం గట్టిగా చేస్తాను" అంటుంది. అంత చదువుకున్నావిడ. నీలాగా ఉత్తరాలు రాయదు.

సిగ్గు ఉండాలక్కా. సిగ్గుంటేనే ఒళ్లు తగ్గుతుంది. సుతిమెత్తగా చెబితే ఎవరూ వినరు. మనల్ని బస్తాలన్నవాళ్లు సుతిమెత్తగా అన్నారా?

హాలు గోడకి నా పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కనే పెద్దవి చేయించి పెట్టాను. నువ్వొచ్చినప్పుడు చూద్దువు గాని. కుడి పక్కన పక్కటెముకల కింద అప్పుడప్పుడూ పోటొస్తోంది. గ్యాసే. బావగారికి చెప్పి నన్ను కంగారు పెట్టకు.

శనివారం మిషనెక్కు.

చెల్లి


ఫిబ్రవరి 17

చెల్లీ,

మీ ఆయన ఫోన్ చేశాడు. నీకు చెప్పొద్దన్నాడు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. క్లాసు మధ్యలో చాప మీద కూలబడ్డావట. స్కానింగులో గాల్ బ్లాడర్ నిండా రాళ్లట. వచ్చే గురువారం, ఇరవై ఆరున తీసేస్తారట. ఇదా నీ గ్యాసు?

నాకు కోపం వచ్చింది. చేతిలో ఉన్న పెన్ను విరిగేంత కోపం. ఆ తర్వాత పుస్తకాలు తిరగేశాను, మా డాక్టర్ని కూడా ఆపి అడిగాను. ఒళ్లు మరీ వేగంగా తగ్గినా, కడుపు మాడ్చుకున్నా ఆ రాళ్లు రావచ్చునట. అప్పటిదాకా ఉన్న కోపం నా మీదికే తిరిగింది.

నేను నిన్ను అనుమానించాను. ఈ చార్టు నువ్వు పాటించి ఉండవనీ, చాటుగా ఏదో తింటూ నన్ను మాత్రం మాడుస్తున్నావనీ అనుకున్నాను. నువ్వు నిజంగానే గుడ్డూ కీరకాయల మీద బతికి, లోపల రాళ్లు పేర్చుకుంటున్నావన్నమాట. ఎనిమిది నెలలకే నేను మెట్ల మీద పడ్డానే, ఏడాదిన్నర ఆ తిండి మీద నువ్వెలా నిలబడ్డావే తల్లీ? ఎంత మొండిదానివి! నా మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను క్షమించు.

కానీ ఇది పట్టుదల కాదు, ఒంటి మీద పగ. బస్తాలన్నవాళ్ల మీద తీర్చుకోవాల్సిన పగ నీ కడుపు మీద తీర్చుకున్నావు. నీ క్లాసువాళ్లకీ ఇదే నేర్పుతున్నావు. ఆ మత్తు డాక్టరమ్మ గురించి రాసింది చదివితే నాకు ఒళ్లు మండింది. మనిషిని నిలబెట్టి నలుగురి చేత నవ్వించడం ఏం విద్య?

సరే, తిట్లు తర్వాత. నేను బుధవారానికి వస్తాను. సెలవు పెట్టాను. పిల్లల్నీ వంటనీ నేను చూసుకుంటాను. నువ్వు నోరు మూసుకుని మంచం మీద పడుకో.

అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

నువ్వు తిట్టి ఊరుకుని ఉంటే నాకు హాయిగా ఉండేది. క్షమించమని ఎందుకు రాశావు? రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. అసలే సహించదులే.

ఇది చదివాక చెరిపెయ్. బావగారికి కూడా చెప్పకు. ఒట్టు.

నేను గుడ్డూ కీరకాయల మీద బతకలేదు. ఆకలే లేకపోతే గుడ్డేమిటి, కీరకాయేమిటి? వారానికో ఇంజెక్షన్. ప్రతి ఆదివారం పొద్దున, పొట్ట మీద. ఒళ్లు తగ్గడానికి డాక్టర్లు రాసిచ్చేదే, దొంగమందేం కాదు. ఊరి ఆ చివర ఒక డాక్టరు రాసిచ్చింది. మనకి తెలిసినవాళ్లెవరూ అటు రారని అంత దూరం వెళ్లాను. రక్తపరీక్షలు చేయించింది, చిన్న మోతాదుతో మొదలుపెట్టింది. నెలనెలా రమ్మంది. కడుపునొప్పి గట్టిగా వస్తే ఆలస్యం చెయ్యొద్దంది. వేరే ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఈ మందు సంగతి ముందు చెప్పమంది. కొన్నాళ్లు బుద్ధిగానే వెళ్లాను. అప్పుడు "ఇక పెంచొద్దు, ఈ మోతాదు మీదే ఉందాం" అంది. నాకు నచ్చలేదు. అప్పటికే ఫోటో గోడ మీద పెట్టేశాను. ఆవిడ దగ్గరికెళ్లడం మానేసి, పాత చీటీ మీదే తెప్పించుకుంటున్నాను. మోతాదు నేనే పెంచుకున్నాను. వాంతులైతే అయ్యాయి. ఫ్రిజ్‌లో కూరగాయల కింద దాచాను. మీ మరిది అడిగితే విటమిన్ అన్నాను. ఆయన నమ్మాడు. ఆయన ఏదైనా నమ్ముతాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆపరేషన్‌కి ముందు చెకప్‌కి పిలిచారు. వెళ్తే కుర్చీలో ఎవరున్నారనుకున్నావు? మా క్లాసు మత్తు డాక్టరమ్మే. నన్ను చూసి లేచి నిలబడింది. ఆవిడ పేషెంటుని చూసి లేచి నిలబడ్డం ఏమిటక్కా? "మందులేమన్నా వాడుతున్నారా మేడమ్?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపు పక్కనున్న నర్సుతో తనే అంది, "మా మేడమ్ మాత్ర వంక కూడా చూడరు. అంతా కష్టపడి తగ్గారు. మాకందరికీ ఆవిడే ఆదర్శం." నర్సు నా వంక దేవతని చూసినట్టు చూసింది.

నేనేం చెప్పను? తలూపాను.

ఏమీ కాదులే. చిన్న ఆపరేషనేనట. నీకు చెప్పేశాను, గుండె తేలికైంది.

చెల్లి


ఫిబ్రవరి 20

నీ గుండె తేలికైందా? సంతోషం. నాది చూడు.

పొద్దున నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని అరిచాను. బయటికొస్తే డీటీపీ ఆయన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నాకు రెండు కోపాలున్నాయి. విడదీసి రాయడానికి ప్రయత్నిస్తాను. ఎందుకంటే ఒకటి ఆగగలదు, రెండోది ఆగదు.

మొదటిది. ఎనిమిది నెలలు. నువ్వు పొట్ట మీద మందు పొడుచుకుంటూ నన్ను పట్టుదల లేనిదానివన్నావు. ఆకలి అంటే ఏమిటో మర్చిపోయినదానివి, ఆకలితో నకనకలాడుతున్న నన్ను మిషనెక్కించి అందర్నీ నవ్వించావు. నేను రాత్రుళ్లు వంటింట్లో నిలబడి, బ్రెడ్డు ముక్క చేతిలో పట్టుకుని, నన్ను నేనే ఛీ కొట్టుకున్నాను. మీ బావ చూసి "ఏమైందే" అంటే "నీకు తెలీదులే, నేను బలహీనురాలిని" అన్నాను. ఆ మాట నాకు నేర్పింది నువ్వు. మందు వేసుకున్నందుకు కాదు చెల్లీ. మందు వేసుకుని, దానికి పట్టుదల అని పేరు పెట్టి అమ్మినందుకు. మొన్ననే నిన్ను క్షమించమని అడిగాను చూడు, ఆ ఉత్తరం నాకు తిరిగి పంపించెయ్.

ఇది ఆగగలదు. నీకు ఒళ్లు బాగయ్యాక తీరిగ్గా తిట్టుకుందాం.

రెండోది ఆగదు. నీ పేరు చెప్పకుండా మా డాక్టర్ని అడిగాను. ఆయన చేతిలో కలం కింద పెట్టేశాడు. ఆ మందు కడుపుని నెమ్మది చేస్తుందట. తిన్నది తొందరగా కిందికి దిగదట. నువ్వు ముందురోజు రాత్రి నుంచీ ఉపవాసం ఉన్నా, కడుపులో తిండి అలాగే ఉండిపోవచ్చట. మత్తిచ్చాక మనిషికి మింగడం, దగ్గడం ఏదీ ఉండదు. కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషే పోవచ్చు. అందరికీ అలా జరగదు అన్నాడు. "కానీ ఎవరికి జరుగుతుందో ముందే చూసుకోవడానికే మాకు తెలియాలమ్మా" అన్నాడు. తెలిస్తే వాళ్ల దగ్గర దారులున్నాయట. ఒక డోసు ఆపమనొచ్చు, ఆపక్కర్లేదనొచ్చు, ముందురోజంతా నీళ్లలాంటివే తాగమనొచ్చు, స్కాన్ పెట్టి కడుపు ఖాళీ అయిందో లేదో చూడొచ్చు, ఆపరేషన్ వాయిదా వెయ్యొచ్చు. ఏది చెయ్యాలన్నది ఆవిడ నిర్ణయించాలి. నువ్వూ కాదు, నేనూ కాదు. డోసు నీ అంతట నువ్వు పెంచుకున్నావని చెబితే ఆయన మొహం చూడాల్సింది.

నువ్వు ప్రతి శనివారం నలుగురి చేత నవ్వించే ఆ మనిషి చేతిలో నీ ఊపిరి పెట్టబోతున్నావు. ఆవిడ కళ్లకి గంతలు కట్టి పెట్టబోతున్నావు.

బుధవారం లోపల ఆవిడకి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. ఒట్టు వేయించుకున్నావు, నిజమే. నేను ఒట్టు తప్పుతాను.

ఇది రాస్తూ నాకొక అనుమానం. రెండోదాని ముసుగులో మొదటి కోపమే మాట్లాడుతోందా? నిన్ను నలుగురిలో నిలబెట్టాలన్న ఆశ నాలో ఏ మూలో ఉందా? ఉంటే ఉండనీ. నా మనసు బాగోలేనంత మాత్రాన నీ కడుపు ఖాళీ అయిపోదు.

అక్క


ఫిబ్రవరి 22

పెద్దక్కగారికి,

ఉందా అని అడుగుతున్నావా? ఉంది. నిండా ఉంది. చిన్నబస్తా తగ్గిపోయిందని నీకు కడుపుమంట. నేను సన్నబడ్డ దగ్గర్నుంచీ నీ ఫోన్లలో ఆ మంట వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు దొరికింది గదా సందు, దూరు.

నీకు చదువుంది, ఉద్యోగముంది. నువ్వు లావుగా ఉన్నా ప్రూఫులకి పట్టింపు లేదు. నాకేముంది? ఆ హాలు, ఆ అద్దం, ఆ ఫోటో. రోజూ పొద్దున్నే ముప్పైమంది ఆడవాళ్లు నన్ను చూసి "మేడమ్ చేశారు గదా, మేమూ చేస్తాం" అనుకుంటారు. ఆ డాక్టరమ్మకి చెప్పానే అనుకో. ఏడాదిగా నేనన్న మాటలన్నీ ఆవిడ మొహంలో నాకు కనపడవా? నా మొహాన ఉమ్మినా ఊరుకోవాలి. నీకేం తెలుసు? నిన్ను ఎప్పుడైనా ఎవరైనా లేచి నిలబడి పలకరించారా?

నేనేం పిచ్చిదాన్ని కాదు. నాకూ జాగ్రత్త తెలుసు. మంగళవారం సాయంత్రం నుంచే తిండి మానేస్తాను. వాళ్లు చెప్పేది ఒక్కరాత్రి ఉపవాసం, నేను దానికి రెట్టింపు ఉంటాను. కడుపులో ఇంకేం మిగులుతుంది, గాలి తప్ప?

ఇవాళ ఆదివారం. ఇవాళ కూడా వేసుకున్నాను. పూర్తి డోసు. ఇప్పుడేం చేస్తావు?

బుధవారం రానక్కర్లేదు. నీ చేతి వంట నాకొద్దు. నీ నంబరు బ్లాక్ చేశాను.

నీ ఎవరూ కానిది


ఫిబ్రవరి 24

చెల్లీ,

చెప్పేశాను.

చెబుతానని బెదిరించడం లేదు, చెప్పేసి రాస్తున్నాను. ఆసుపత్రికి ఫోన్ చేసి ఆవిడకి కబురు పెట్టాను. ఆవిడే తిరిగి చేసింది. నేను అక్కని అంటే, "ఎవరి అక్క?" అంది. నీ పేరు చెప్పగానే గొంతు మారిపోయింది, "మేడమ్‌కి ఏమైంది?" అని కంగారు పడింది. ఆవిడ అంత ప్రేమగా అడగకుండా ఉంటే సులువుగా చెప్పేదాన్ని.

చెప్పాను. వెనకాల ట్రాలీ చక్రాల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత మందు పేరు, మోతాదు అడిగింది, అవి నాకు తెలియవన్నాను. చివరిసారి ఎప్పుడని అడిగింది. "మొన్న ఆదివారం కూడానా?" అంది. కూడా అన్నాను. "సరే, నేను చూసుకుంటాను. మీరు చెప్పారని ఆవిడకి చెప్పను" అంది. "చెప్పండి, నేను దాక్కోను" అన్నాను.

నీ ఉత్తరంలో ఒక మాట నిజం. నన్ను ఎవరూ ఎప్పుడూ లేచి నిలబడి పలకరించలేదు. దాన్ని పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. మిగతాదంతా అబద్ధం. మరీ ముఖ్యంగా, గాలి తప్ప ఏమీ ఉండదన్న మాట. అది నీకు తెలియదు. నాకూ తెలియదు. తెలుసుకునే మనిషికి చెప్పాను.

నేను చేసింది సరైనదేనా అని నిన్న రాత్రి నుంచీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు దొరికాక ఫోన్ చేద్దామంటే గురువారం ఆగదు.

రావద్దన్నావు. రాను. మీ ఆయన ఫోన్ కోసం కూచుంటాను.

అక్క


ఫిబ్రవరి 27

నీ మంగళవారం ఉత్తరం నేను తెరవలేదు. మళ్లీ తిట్లే అనుకున్నాను. నిన్న సాయంత్రం, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక తెరిచాను. ముందే తెరిచి ఉంటే ఇంత అవమానం జరిగేది కాదు. అది కూడా నీ ఖాతాలోనే.

జరిగింది వినాలని ఉంది గదా, విను.

పొద్దున్నే పచ్చ గౌను వేసి మంచం మీద పడుకోబెట్టారు. ఆవిడొచ్చింది. నర్సుని బయటికి పంపింది, మీ మరిదిని బయటికి పంపింది, తలుపు వేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూచుంది. "మేడమ్, ఇంకోసారి అడుగుతున్నాను. మందులు గానీ ఇంజెక్షన్లు గానీ ఏమైనా వాడుతున్నారా? ఇక్కడ మనిద్దరమే ఉన్నాం" అంది. నా చెయ్యి పట్టుకుంది.

నేను ఆవిడ కళ్లలోకి చూసి, "ఏమీ లేవు డాక్టర్ గారూ" అన్నాను.

అవును. అలాగే అన్నాను. నువ్వు చెప్పావని నాకు తెలీదు గదా.

ఆవిడ చెయ్యి వదిలేసింది. లేచి స్కాన్ మిషను లాక్కొచ్చి, నా పొట్ట మీద చల్లటి జిగురు రాసి, పక్కకి తిప్పి చాలాసేపు చూసింది. తెర నా వైపు తిప్పింది. నాకేమీ అర్థం కాలేదు, బూడిదరంగు ముద్ద. "ఇది గాలి కాదు మేడమ్. ఇది తిండి. ఎప్పుడు తిన్నారు?" అంది. మంగళవారం సాయంత్రం అన్నాను. అది నిజం. దేని మీద ఒట్టేయమన్నా వేస్తాను. అప్పటి నుంచీ నీళ్లు తప్ప ముట్టలేదు. గురువారం పొద్దునకి అది అక్కడే కూచుని ఉంది.

అప్పుడు అరిచింది. ఆవిడ అరవగలదని నాకు తెలీదు. "నేను మీకు మత్తిచ్చేదాన్ని. ఇదంతా మీ గొంతులోకి వచ్చేది. నా చేతుల్లో పోయేవారు, ఎందుకు పోయారో కూడా నాకు తెలిసేది కాదు! ఇంజెక్షన్ వేసుకోవడం తప్పని ఎవరన్నారు? మా పేషెంట్లలో ఎంతమంది వేసుకుంటున్నారు, చెబుతారు, మేం చూసుకుంటాం. మీకేం అడ్డమొచ్చింది?"

నేను గోడ వైపు తిరిగాను. "మీరు లేచి నిలబడ్డారు" అన్నాను.

ఆవిడ జిగురు తుడవడానికి దూది నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఎప్పుడూ ఆవిడే తుడుస్తుందట, నర్సు చెప్పింది.

ఆపరేషన్ మార్చి పంతొమ్మిదికి వేశారు. అప్పటిదాకా ఇంజెక్షన్ వెయ్యొద్దన్నారు. ఊరి చివర డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లి మొత్తం చెప్పి రమ్మన్నారు. నొప్పి ఎక్కువైనా, జ్వరమొచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే వచ్చెయ్యమన్నారు. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లోవన్నీ మీ మరిది ముందు పెట్టాను. ఆయన ఒక్క మాటే అన్నాడు. "విటమిన్ అన్నావు గదా." నువ్వు తిట్టినదానికంటే అది ఎక్కువ తగిలింది.

రేపు శనివారం. క్లాసుకి ఒంట్లో బాగోలేదని చెప్పించాను. ఆ తర్వాత శనివారం ఏం చెప్పాలో తెలీదు.

నువ్వు ఒట్టు తప్పావు. తప్పి ఉండకపోతే నేను ఉండేదాన్నో లేదో, నాకు తెలుసు. తెలిసినా సరే, కోపం పోవడం లేదు. బతికించావని కాళ్ల మీద పడతాననుకున్నావేమో. పడను.

చెల్లి


మార్చి 8

చెల్లీ,

నువ్వు కాళ్ల మీద పడితే నాకు భయం వేసేది. కోపంగా ఉండు. నేనూ ఉన్నాను. నీ రెండో అబద్ధం చదివాక, ఆవిడ చెయ్యి పట్టుకుని అడిగినా "ఏమీ లేవు" అన్నావని చదివాక, నా కోపం మళ్లీ మొదటికొచ్చింది. ఒక గంట నడిచొచ్చి మళ్లీ చదివాను. అప్పుడు నాకు వేరే ఏదో కనిపించింది. మందు పేరు చెప్పలేక చావడానికైనా సిద్ధపడేంతగా నిన్ను ఎవరు బెదిరించారు? మనల్ని బస్తాలన్నవాళ్లా, నీ గోడ మీది ఫోటోనా, నేనా? నేనైతే కాదనే అనుకుంటున్నాను. ఖాయంగా మాత్రం చెప్పలేను.

నా కబురొకటి. నీ పేరు చెప్పకుండా ప్రశ్నలడిగితే మా డాక్టరు, నాక్కూడా ఆ మందు మీద మనసుందనుకున్నాడట. మొన్న వెళ్తే, "మీకు ఆ మందు కావాలనిపిస్తే నేరుగా అడగొచ్చమ్మా, మీ షుగరు కూడా హద్దు మీదే ఉంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఎనిమిది నెలలు కీరకాయలు నమిలే బదులు ఆ కుర్చీలో కూచుని ఒక్క మాట అడగొచ్చు గదా. ఆయన నన్ను ఎన్ని అడిగాడో! ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, పాంక్రియాస్ ఎప్పుడైనా వాచిందా, ఇంకేం మందులు వాడుతున్నాను, నెలసరి ఆగిందా, పిల్లల్ని కనే ఆలోచన ఉందా. నలభై ఆరేళ్ల వయసులో ఆ చివరి ప్రశ్నకి మీ బావ బయట బెంచీ మీద దగ్గడం మొదలుపెట్టాడు. వేసుకుంటానో లేదో ఇంకా తేల్చుకోలేదు. వేసుకుంటే మాత్రం ఆఫీసులో డీటీపీ ఆయన దాకా అందరికీ తెలుస్తుంది. వేసుకుని, ఇది నా పట్టుదల అని ఎవరితోనూ అనను.

మీ ఆయన నిన్న ఫోన్ చేశాడు. నువ్వు క్లాసుకి వెళ్లావనీ, ఏం చెప్పావో తెలియదనీ, వచ్చాక గదిలోంచి బయటికి రాలేదనీ అన్నాడు. ఏం చెప్పావని నేను అడగను. ఆకలి తిరిగొచ్చిందని, రాత్రుళ్లు వంటింట్లో తిరుగుతున్నావని కూడా అన్నాడు. ఆ వంటింటి నేల ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు. ఈ ఒక్క విషయంలో నిన్ను తిట్టలేను.

పంతొమ్మిదిన వస్తున్నాను. వద్దన్నా వస్తాను. ఆవిడ మళ్లీ అడుగుతుంది, చివరి డోసు ఎప్పుడని. ఇవాళ ఆదివారం. మొన్న ఆదివారం నువ్వేం చేశావో నాకు తెలియదు, ఇవాళ ఏం చేశావో కూడా తెలియదు. ఫ్రిజ్‌లోవన్నీ బయట పెట్టానన్నావు. నమ్మాలని ఉంది. నమ్మలేకపోతున్నాను, అందుకే మళ్లీ కోపమొస్తోంది. నాకు చెప్పొద్దు. నాకు చెబితే నేను మళ్లీ ఫోన్ చేస్తాను, అది ఇద్దరికీ తెలుసు.

ఆవిడ అడిగేటప్పుడు నేను గది బయట ఉంటాను. మీ ఆయన్ని కూడా బయటికి లాక్కొస్తాను. వేసుకోకపోతే వేసుకోలేదని చెప్పు. వేసుకుని ఉంటే వేసుకున్నానని చెప్పు. ఆ రోజు కూడా ఇంటికి పంపించేస్తే, దారి పొడుగునా తిట్టుకుంటూ ఇద్దరం ఇంటికి పోదాం.

అక్క